బావ తోలిన బాతులు

ముందే చెప్పేస్తున్నాను. చీకటుండగానే లేచి, ఆకుల బొమ్మలున్న చొక్కా తగిలించుకుని, ఒక బాతు కోసం నీళ్ళ ఒడ్డున నక్కి కూచునే మగవాళ్ళంటే నాకు ఏ కోశానా గౌరవం లేదు. వాళ్ళని బండెక్కించి తీసుకెళ్ళేవాళ్ళంటే అంతకన్నా లేదు. ఆ రెండో రకంలో నేనూ ఒకణ్ణి గనక ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

ఖతర్‌లో అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో నేను ఇంటి డ్రైవర్ని. మా ఊరు కొల్లేటి పక్కన. ఈ ఇళ్ళల్లో యజమానిని పనివాళ్ళం బాబా అంటాం. మా బాబా మంచివాడే. జీతం ఆపడు, జ్వరమొస్తే ఆస్పత్రికి తనే తీసుకెళ్తాడు, పొద్దున తిట్టింది సాయంత్రానికి మర్చిపోతాడు. ఆయనకున్న పిచ్చల్లా ఒకటే, బాతులు. ఎండలు కాస్త తగ్గుముఖం పట్టి వేట సీజన్ తెరిచారన్న కబురు వచ్చిందా, ఇక ఆయన మనలో ఉండడు. ఫోన్లో బాతులు, అన్నం దగ్గర బాతులు, సిగ్నల్ దగ్గర బండి ఆగితే కిటికీలోంచి ఆకాశం వైపు చూపులు. ఆ ఆకాశంలో క్రేన్లు తప్ప ఏమీ ఉండవు.

ఉత్తరాన అల్ రువైస్ వైపు ఆయనకి ఒక తోట ఉంది. ఖర్జూరం చెట్లు, మేకలు, మధ్యలో తోటకి నీళ్ళు పెట్టుకునే చెరువు. చెరువంటే మీరేదో ఊహించుకోకండి. మా ఊళ్ళో అయితే దాన్ని గేదెల్ని కడిగే గుంట అంటారు. ఒక పక్క రెల్లులాంటి గడ్డి దుబ్బుగా పెరిగింది. ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో వచ్చే బాతులు అలసిపోయి అందులో కాసేపు దిగుతాయి. పాపం, వాటికి మా బాబా సంగతి తెలియదు. తెలిసినా పెద్దగా భయపడవనుకోండి.

వేటంటే వీళ్ళ వేట ఎలా ఉంటుందో చెప్తాను. ముందు బండిలో బాబా, ఆయన పినతండ్రి కొడుకు, ఇద్దరు స్నేహితులు. వెనక బండిలో నేను, నాతో పాటు తివాచీలు, దిండ్లు, కాఫీ ఫ్లాస్కులు, ఖర్జూరాల డబ్బాలు, బొగ్గుల పొయ్యి, ఐసు పెట్టెలు. పెళ్ళివారికి విడిది ఏర్పాటు చేసినట్టుంటుంది. నలుగురూ ఒంటికి మట్టిరంగు బట్టలు వేసుకుని, కనపడకూడదని మొహాలకి వల కట్టుకుని, ఆ పైన ఊరంతా తెలిసేంత అత్తరు పూసుకుని వస్తారు. సీజన్ మొదట్లో ఇంకా ఉక్క పోదు. తెల్లారుజామునే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. ఆ చెమట, ఆ అత్తరు కలిసి నాకు తలనొప్పి తెప్పించేవి.

నా డ్యూటీ ప్లాస్టిక్ బాతుల్ని నీళ్ళలో వదలడం. వాటిని చూసి, మనవాళ్ళున్నారు అనుకుని అసలు బాతులు దిగుతాయని వీళ్ళ నమ్మకం. మోకాళ్ళ దాకా బురదలో దిగి ఒక్కొక్కదాన్నీ తాడు కట్టి వదిలేవాణ్ణి. తర్వాత నలుగురూ దిండ్లకి ఆనుకుని గడ్డి చాటున కూచునేవాళ్ళు. బాతులు వచ్చే వేళకి సరిగ్గా ఎవడిదో ఒకడి ఫోన్ మోగేది. లేదంటే కాఫీ పోసుకుంటూ కప్పు జారవిడిచేవాడు. తీరా పిట్టలు నెత్తి మీదకి వచ్చాక నలుగురూ ఒకేసారి లేచి ధనాధన్ కాల్చేవాళ్ళు. పిట్టలు వెళ్ళిపోయేవి, పొగ మిగిలేది. ఒకసారి ఆ పినతండ్రి కొడుకు ప్లాస్టిక్ బాతుని గురి చూసి కాల్చాడు. తగిలింది కూడా. ఆ సీజన్ మొత్తంలో ఆయన కొట్టింది అదొక్కటే.

తోటలో పని చేసే జగిత్యాల తమ్ముడు ఒకడున్నాడు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో వచ్చి, అది మూతపడ్డాక ఇక్కడ చేరాడు. ఆ చిల్లుపడ్డ బాతుకి సిలికాన్ పూసి అతికేది అతనే.

"అన్నా, గీ ప్లాస్టిక్ బాతునే కొట్టిండ్రే. గిది దొరికినంత అల్కగ అసలుది దొరుకుతదా?" అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి. బాబా ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, బాతు బాగా అతికాడని చెప్పేవాణ్ణి.

ఇంత సంబరం ఎందుకంటే ఒక పెద్ద బాతు కోసం. మామూలు బాతులు అప్పుడప్పుడు ఒకటీ అరా పడేవి. పెద్ద బాతు, గూస్ అంటామే, అది ఈ దేశంలో దిగడమే అరుదు. బాబా వాళ్ళ నాన్న వయసులో ఉండగా ఒకదాన్ని కొట్టాడట. ఇప్పుడు ఆ ముసలాయన చక్రాల కుర్చీలో కూచుని, కొడుకు వేట నుంచి వచ్చిన ప్రతిసారీ, మగవాళ్ళు కూచుని కబుర్లాడుకునే మజ్లిస్ గుమ్మంలోనే అడుగుతాడు, "పెద్ద బాతేదీ?" అని. బాబా మొహం మాడ్చుకుని లోపలికి పోతాడు. ఈ సంవత్సరమైనా సరే ఒకదాన్ని కొట్టి, స్వయంగా కోసి, అన్నంతో వండించి నాన్న పళ్ళెంలో పెట్టాలని ఆయన పట్టుదల. దాని మీద నాకు చిన్నచూపు లేదు. పట్టుదల మీద కాదు నా వెటకారం, గురి మీద.

ఇప్పుడు మా బావ సంగతికి వస్తాను. అసలు చెప్పాల్సింది ఆయన గురించే.

బావంటే మా అక్క మొగుడు. అక్క మొగుడు గనక మీరు అనాలి, ఎదురు మాట్లాడకూడదు, భోజనానికి ముందు ఆయనకి వడ్డించాలి. లోకంలో ఇంత దండగ గౌరవం పొందిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఊళ్ళో ఆయన పని చేపల చెరువుల మీద కాపలా. చెరువు మీద నీటికాకులు, గూడకొంగలు వాలితే డబ్బా వాయించి తోలాలి. అంతే. ఆయన తోలిన పిట్టలు వెళ్ళి పక్కవాడి చెరువులో వాలేవి. పక్కవాడి కాపలాదారు వాటిని తిరిగి ఇటు తోలేవాడు. సంవత్సరాల తరబడి ఇద్దరు మగాళ్ళు అవే పిట్టల్ని అటూ ఇటూ తోలుకున్నారు. దాన్ని ఆయన ఉద్యోగం అనేవాడు. సాయంత్రం సెంటర్లో కూచుని, పిట్టల భాష తనకి తెలుసని కోతలు కోసేవాడు.

ఇల్లు నడిపేది అక్క. రొయ్యల షెడ్డులో ఒలుపు పని. పొద్దస్తమానం ఐసులో నానేసిన రొయ్యలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ళు పాలిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయేది. గోళ్ళ పక్కన పుండ్లు. అన్నంలో కారం కలుపుకోలేక చెంచాతో తినేది. నేను సెలవుకి వెళ్ళినప్పుడు ఆ చేతులు చూసి వీసా సంగతి నేనే ఎత్తాను. బాబాని బతిమాలి, ఇంట్లో రెండో డ్రైవరుగా బావని రప్పించాను. బావ ఇక్కడ నిలదొక్కుకుంటే అక్క షెడ్డు మానేస్తుంది. నాకు కావలసింది అదొక్కటే. బావ బాగుపడతాడని నాకేమీ ఆశ లేదు.

నిలదొక్కుకోవడం అంత తేలిక కాలేదు. ఇక్కడి డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళి మొదటిసారి తప్పాడు. పరీక్ష పెట్టినవాడికి డ్రైవింగ్ రాదన్నాడు. రెండోసారీ తప్పాడు. ఎండ కళ్ళల్లో పడిందన్నాడు. ఇంటి గేటు లోపలే బండి తిప్పుతూ గేటు స్తంభానికి రాసేశాడు. స్తంభం రోడ్డు మీదకి వచ్చి ఉందన్నాడు. బాబా ఆ గీత మీద వేలు పెట్టి చూసి నన్ను పిలిచాడు. ఇప్పుడు ట్రయల్ మీద ఉన్నాడు, ఆ గడువు లోపల లైసెన్సైనా తేవాలి, ఇంకేదైనా పనికైనా పనికిరావాలి, లేదంటే టికెట్ కొనిచ్చి పంపేస్తా అన్నాడు. ఆ మాట బావకి చెప్పాను.

"పంపేస్తాడా? నన్నా? నాలాంటివాడు ఆయనకి దొరకొద్దూ!" అన్నాడు బావ, నా మంచం మీద పడుకుని, నా దుప్పటి కప్పుకుని.

ఆ వారమే వేట సీజన్ తెరిచారు. సామాన్లు మోయడానికి బావనీ రమ్మన్నాడు బాబా. మొదటిరోజు ఒక్క పిట్ట దిగలేదు. అవతల, కనుచూపు మేరలో ఇంకొకరి తోట ఉంది. అక్కడో చెరువు, అక్కడ వేటాడేవాళ్ళు లేరు. బాతులన్నీ అక్కడ హాయిగా తేలుతున్నాయి. బాబా బైనాక్యులర్స్‌లో చూసి నిట్టూరుస్తున్నాడు. బాతుల అరుపుల్ని స్పీకర్లో పెట్టి పిలిచే మిషన్లు ఇక్కడ నిషేధం, పట్టుకుంటే గొడవ. పినతండ్రి కొడుకు నోటితో కూశాడు. పక్కన మేకలు తలలెత్తి చూశాయి.

బావ నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఏరా అబ్బాయ్, ఆ చెరువులో పిట్టలు ఈ చెరువులోకి రావాలి, అంతేగా? నాకు ఒక డబ్బా ఇప్పించమను."

నేను బాబాకి చెప్పాను. నాకు నమ్మకం ఉండి కాదు, ఈయన కాసేపు నా పక్కన లేకుండా పోతాడని. జగిత్యాల తమ్ముడు ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర తెచ్చిచ్చాడు. బావ పంచె ఎగ్గట్టినట్టు ప్యాంటు పైకి మడిచి, డబ్బా చంకలో పెట్టుకుని ఆ ఇసకలో నడుచుకుంటూ పోయాడు. చాలాసేపటికి అటు నుంచి మొదలైంది. డబడబడబ. "హోయ్... హోయ్... హోహోహోయ్!" కొల్లేటి గట్టు మీద చిన్నప్పటి నుంచి విన్న కేక అది. అరబ్బు దేశంలో, ఆ ఎండిపోయిన నేల మీద ఆ కేక వినేసరికి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాతులు గుంపుగా లేచాయి. ఒక చుట్టు చుట్టాయి. ఎక్కడికి పోవాలో తోచక సరాసరి మా గుంటలోకి వచ్చి దిగాయి.

ఆ పూట బాబా బాతులు కొట్టాడు. అన్ని బాతులు మధ్యకి వచ్చి కూచుంటే ఎవరైనా కొడతారు. అయినా సరే, బావని కౌగిలించుకున్నాడు. తివాచీ మీద పక్కన కూచోబెట్టుకుని తన చేత్తో కాఫీ పోసిచ్చాడు. నేను ఇన్నేళ్ళలో ఆ తివాచీని మోశాను గాని దాని మీద కూచోలేదు.

"చూశావా?" అన్నాడు బావ తిరుగు ప్రయాణంలో. "విద్యంటే ఇది. నువ్వు స్టీరింగ్ తిప్పుకో."

పళ్ళు నూరుకుంటూ స్టీరింగ్ తిప్పాను. పక్కవాడి చెరువులోకి పిట్టల్ని తోలడం ఒక విద్యట! కానీ నిజం చెప్పాలంటే లోపల సంతోషించాను. బాబా ఇలాగే ఉంటే గడువు గడిచిపోతుంది. అక్క చేతులు బాగుపడతాయి.

అలా కొన్ని వారాలు సాగింది. బావ అవతల డబ్బా వాయించేవాడు, వీళ్ళు ఇవతల కాల్చేవాళ్ళు, పడిన బాతుల్ని నీళ్ళలో దిగి తెచ్చేది నేను. ఇందులో ఒక నియమం ఉంది. తుపాకీ పేల్చేటప్పుడే వీళ్ళు దేవుడి పేరు తలుచుకుంటారు. దెబ్బకి పిట్ట చచ్చిపడితే సరే. ప్రాణంతో పడితే మాత్రం దాన్ని అలాగే తీసుకెళ్ళి వాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళే మళ్ళీ దేవుడి పేరు చెప్పి కత్తితో కోయాలి. నాలాంటి హిందువు కోసినా, ఎవరైనా సరే మెడ మెలిపెట్టి చంపినా, అది వాళ్ళకి హరామ్, ముట్టరు. మా వైపు అలా కాదు. దెబ్బతిన్న పిట్ట చేతికి దొరకగానే మెడ తిప్పేస్తాం. తిప్పకపోతే మునిగి తప్పించుకుంటుంది, లేదా గిలగిల్లాడుతుంది. అది మా చేతులకి అలవాటు.

అందుకే ఒకరోజు బండిలో వెళ్తుండగా బావకి చెప్పాను. "బావా, ఒక్క మాట. మీరెప్పుడైనా పిట్టని పట్టుకోవాల్సి వస్తే మెడ మాత్రం తిప్పకండి. ప్రాణంతోనే తెచ్చి బాబాకి ఇవ్వండి. మెడ తిప్పితే వాళ్ళు తినరు."

"పిట్టల గురించి నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు.

"పిట్టల గురించి కాదు, వాళ్ళ నియమం గురించి."

"నువ్వు లాగులేసుకుని తిరిగే రోజుల్లోనే నేను చెరువు గట్టు మీద రాజుని. బండి తోలు, అబ్బాయ్."

ఇంకోసారి, తోట గేటు దగ్గర దిగేటప్పుడు మళ్ళీ చెప్పాను. జగిత్యాల తమ్ముడు కూడా పక్కనే ఉన్నాడు. బావ చెయ్యి విదిలించి డబ్బా తీసుకుని పోయాడు.

"అన్నా, నీ బావ ఇనెటోని లెక్క లేడు," అన్నాడు తమ్ముడు.

"పుట్టిన దగ్గర్నుంచీ ఎవరి మాటా విన్నట్టు దాఖలా లేదు," అన్నాను.

అది జరిగిన పొద్దున మంచు పట్టింది. తెల్లారుతున్నా అవతలి తోట సరిగా కనపడటంలేదు. అటు డబ్బా మోగింది, కేక వినిపించింది, బాతులు వస్తున్న రెక్కల చప్పుడు అయింది. వాటి వెనక బరువైన చప్పుడు ఇంకొకటి. ఒక పెద్ద బాతు. ఒంటరిది. మెడ చాచుకుని, బూడిదరంగు పొట్టతో, మా నెత్తి మీద నుంచి తాపీగా వెళ్తోంది. స్నేహితులిద్దరూ నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు, పినతండ్రి కొడుకు ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టాడు. బాబా ఒక్కడే లేచాడు. పెదాలు కదిలాయి, తుపాకీ పేలింది. పెద్ద బాతు ఒక రెక్క వేలాడేసుకుని గడ్డి దుబ్బుల అవతల పడింది. ప్రాణంతో ఉంది, రెక్క కొట్టుకుంటున్న చప్పుడు మాకు వినిపిస్తోంది.

బాబాని అలా ఎప్పుడూ చూడలేదు. తుపాకీ పక్కన పెట్టి, మొహం మీద వల లాగి పారేసి, నడుముకున్న కత్తి తీశాడు. "నాన్నకి," అన్నాడు. "నాన్నకి ఫోన్ చెయ్యండి." ఆ క్షణంలో ఆయన మీద నాకున్న వెటకారమంతా ఎగిరిపోయింది. నేనూ గంతేశాననుకుంటాను.

అప్పుడు గడ్డి చాటు నుంచి మా బావ ఊడిపడ్డాడు. కేకలు వేసుకుంటూ పిట్టల వెనకే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. పెద్ద బాతు సరిగ్గా ఆయన దారిలో పడింది. రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఎన్నికల్లో గెలిచినవాడిలా మా వైపు తిరిగి నవ్వాడు.

"బావా, వద్దు! అలాగే పట్టుకురా!" అని అరిచాను. రండి అనలేదు, రా అన్నాను. జీవితంలో మొదటిసారి.

ఆయన వీడియో తీస్తున్న ఫోన్ వైపు చూశాడు. ఛాతీ విరుచుకున్నాడు. మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. మడతబడ్డ మెడతో దాన్ని తెచ్చి బాబా కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టాడు.

బాబా చేతిలో కత్తి అలాగే ఉంది. ఒంగి పెద్ద బాతు మెడ మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉండి ఉంటుంది. పినతండ్రి కొడుకు ఫోన్ దించి, "హరామ్," అన్నాడు మెల్లగా. అది ఆయన చెప్పక్కర్లేదు.

బాబా నా వైపు తిరిగాడు. బావ వైపు కాదు. "లేష్?" అన్నాడు, ఎందుకని. తర్వాత అరబ్బీ, హిందీ కలిపి అడిగాడు, "ఇతను కొత్తవాడు, ఇతనికి తెలియదు. నువ్వు చెప్పలేదా?"

చెప్పాను బాబా, రెండుసార్లు చెప్పాను, వినలేదు. ఇదే నిజం. నాలుక చివర ఉంది. జగిత్యాల తమ్ముడు సాక్షి, అటు పక్క నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ ఒక్క మాట అంటే బావకి ఆ సాయంత్రమే టికెట్. నా గదిలో నా మంచం నాకు. నా మీద ఆయన పెత్తనం ఉండదు. తెలియక చేసినవాణ్ణి క్షమిస్తారు గాని, చెప్పినా వినకుండా బాబా వాళ్ళ నాన్న పళ్ళెంలో కూడు చెడగొట్టినవాణ్ణి ఎవరుంచుకుంటారు? ఆ మాట అనాలని నాకెంత ఆశగా ఉందో మీకు చెప్పలేను. కానీ అంటే అక్క మళ్ళీ ఐసులో చేతులు పెడుతుంది. ఇంకేం చెయ్యను?

"చెప్పలేదు బాబా. మర్చిపోయాను," అన్నాను.

"ఏమంటున్నాడురా?" అని అడిగాడు బావ.

తెలుగులో గబగబా చెప్పాను. "మెడ తిప్పకూడదన్న సంగతి నేను మీకు చెప్పలేదని చెప్పాను. లేకపోతే పంపేసేలా ఉన్నారు. మీరు తెలియనట్టే ఉండండి, చాలు."

బావకి అర్థమైంది. చెప్పిందానికంటే ఎక్కువ అర్థమైంది. ఒక్కసారి కళ్ళు పెద్దవి చేసి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, అందరికీ వినపడేలా నా మీద పడ్డాడు. "ఏరా! ఇంత ముఖ్యమైన సంగతి ముందే చెప్పొద్దూ? ఇన్నేళ్ళుగా ఇక్కడుండి ఏం చేస్తున్నావు నువ్వు? పెద్దాయన తిండి పాడైపోయిందే!" తెలుగు రాకపోయినా అక్కడున్నవాళ్ళందరికీ ఆ తిట్లు అర్థమయ్యాయి. గుండెలు బాదుకున్నాడు. కళ్ళ నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. బాబా వెళ్ళి ఆయన భుజం తట్టాడు. తప్పు నీది కాదు అన్నట్టు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషికి తెలిసిన విద్య ఒక్కటే, తన చెరువు మీద వాలినదాన్ని పక్కవాడి చెరువులోకి తోలడం. దానికి ఆ పూట డబ్బా కూడా అక్కర్లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో బాబా నా బండిలో ఎక్కాడు. చాలా దూరం వెళ్ళాక అన్నాడు, "ఇన్నేళ్ళు నా ఇంట్లో తిన్నావు. ఇది నీకు తెలియకుండా ఉందా?" తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రానికి మర్చిపోయేవాడు. మజ్లిస్ గుమ్మంలో ముసలాయన కుర్చీ ముందుకి జరుపుకుని, "పెద్ద బాతేదీ?" అన్నాడు. పెద్ద బాతు పడిందని అప్పుడే ఎవరో ఫోన్ చేసి చెప్పేసినట్టున్నారు. బాబా ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను బండిలోంచి తివాచీలు దించాను.

పెద్ద బాతుని మా పనివాళ్ళ వంటింటికి పంపారు. బావ దాన్ని కాల్చి, కోసి, అల్లం, మిరియాలు దంచి, చింతపండు పులుసు పోసి వండాడు. వండుతూ కూనిరాగం తీశాడు. నేను తినకూడదనుకున్నాను. తిన్నాను. బాగుంది. అదే నా ఒళ్ళు ఇంకా మండించింది.

ఆ మర్నాటి నుంచి నా డ్యూటీ మారింది. పిల్లల స్కూలు, మేడమ్ గారి షాపింగు, అల్ మన్సూరాలో టైలరు దగ్గర గంటల తరబడి పార్కింగు కోసం తిరగడం. వేటకి నన్ను తీసుకెళ్ళలేదు. పోనీలే, పొద్దున్నే నిద్రైనా దక్కింది, ఆ అత్తరు పీల్చక్కర్లేదు అని అందరితో అన్నాను. బాబా మాత్రం నాతో పని మాట తప్ప మాట్లాడడు. ఇంతకుముందు సిగ్నల్ దగ్గర ఆగితే, మీ కొల్లేట్లో ఇప్పుడు ఎన్ని రకాల బాతులుంటాయి అని అడిగేవాడు. ఆ ప్రశ్నలు నాకు విసుగని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

బావని తోటలో ఉంచేశారు. తోట కాపలాకి లైసెన్సు అక్కర్లేదు. గడువు తీరకముందే, ఇక్కడ ఉండనిచ్చే ఐడీ కార్డు చేతికొచ్చింది. వేట రోజుల్లో డబ్బా వాయిస్తాడు, తివాచీ మీద కూచుంటాడు. మిగతా రోజుల్లో జగిత్యాల తమ్ముడి చేత పని చేయిస్తాడు.

"అన్నా, నువ్వు అబద్ధమెందుకు చెప్పినవే? నేను చెప్పాల్నా బాబాకు?" అని తమ్ముడు ఫోన్ చేశాడు.

"చెప్పకు. నోర్మూసుకో," అన్నాను.

ఒక శుక్రవారం అక్క వీడియో కాల్ చేసింది. మేడమ్ కోసం టైలర్ షాపు ముందు బండిలో కూచుని ఉన్నాను. అక్క మొహం కాదు, ముందు చేతులు కనిపించాయి. కావాలనే కెమెరాకి దగ్గరగా పెట్టింది. వేళ్ళు గులాబీరంగుకి తిరిగాయి. పుండ్లు ఎండిపోయాయి. గోళ్ళకి గోరింటాకు పెట్టుకుంది.

"షెడ్డు మానేశానురా," అంది. "మీ బావ మానెయ్యమన్నారు. నా పెళ్ళాం ఐసులో చేతులు పెట్టడానికి వీల్లేదన్నారు. నిన్న చేత్తో కలుపుకుని తిన్నాను, పచ్చిమిరపకాయ పచ్చడి."

"మంచిదక్కా," అన్నాను. ఆ చేతులు కాసేపు అలాగే పెట్టి ఉంచమందామనిపించింది.

అక్క చేతులు దించింది. మొహం సీరియస్ చేసింది. "ఒక మాట అంటాను, కోప్పడకు. అన్నేళ్ళుగా అక్కడుండి, మెడ తిప్పకూడదన్న చిన్న ముక్క ఆయనకి చెప్పడం ఎలా మర్చిపోయావురా? నిన్ను పంపేస్తానన్నాడంటగా మీ బాబా. మీ బావ కాళ్ళావేళ్ళా పడి, ఏడ్చి, నీ ఉద్యోగం నిలబెట్టారంట. ఆయన కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే నిన్ను వదిలేసి వాళ్ళ దారి వాళ్ళు చూసుకునేవాళ్ళు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటి దాకా వచ్చింది, మొత్తం. మొదటి నుంచి చివరి దాకా, డబ్బా నుంచి గుండెలు బాదుకోవడం దాకా. ఇంతలో అక్క నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. ఆ వేళ్ళు మళ్ళీ కనిపించాయి.

"అవునక్కా," అన్నాను. "బావ లేకపోతే నా పని అయిపోయేది."

"మరి ఆయన్ని ఎప్పుడూ ఒక్క మాట అనకు. మర్యాదగా ఉండు."

"అననక్కా."

ఆ మాట తప్పలేదు. ఇప్పటికీ ఆయన ఫోన్ చేస్తే "చెప్పండి బావా" అనే అంటాను. మా అక్కకి చదవడం రాదు. అందుకే ఇదంతా ఇక్కడ రాశాను.